దెబ్బ తగిలినవాడితో మాటల్లేవు

మొన్న దీపావళి సభలో ఒక అమ్మాయి నా పక్కన ప్లేటు పట్టుకుని కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. ఆటల్లో తగిలే దెబ్బలకు వైద్యం చేసే చదువు చదివిందట, ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఉద్యోగం దొరికిందట. "అంకుల్, వాట్స్ ఇట్ రియల్లీ లైక్?" అని అడిగింది. వాళ్ల నాన్న కర్నూలు వైపు మనిషి, కంప్యూటర్ల ఉద్యోగం. "చెప్పండి అంకుల్, కానీ పిల్లను భయపెట్టొద్దు" అన్నాడు.

భయపెట్టడానికే రాస్తున్నాను. ఆయన చదివి పిల్లకు వినిపించాలి. ఆయనక్కూడా కొంత తెలియడం మంచిది.

నేను రాసేదాంట్లో సొగసులు ఉండవు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. తెలుగు మా ఆవిడ సుజాత నేర్పింది. ఇంగ్లీషు ఎట్లా వచ్చిందో ముందు చెబుతాను.

ఉతకడం, ఆరేయడం, తగిలించడం

హైదరాబాదులో నాది ఇస్త్రీ బండి. పెళ్లయ్యాక సుజాత నర్సు చదువు చదివింది, నేను బొగ్గుల పెట్టె తోశాను. తొంభైల చివర్లో ఆమెకు నాటింగ్‌హామ్ ఆసుపత్రిలో పని దొరికింది. ఆమె వెనక నేను వచ్చాను. ఆమెకు రోటా, అంటే డ్యూటీల వరస, ఉండేది, నాకేమీ లేదు. ఫ్లాటులో కూర్చుంటే పిచ్చెక్కేట్టు ఉండి, బస్సులో గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో, కింది డివిజన్లలో ఆడే క్లబ్బులో బట్టలుతికే పనికి కుదిరాను. అక్కడి ముసలాయన మానుకున్నాక కిట్ మ్యాన్ నేనే అయ్యాను. అంటే ఆటగాళ్ల చొక్కాలు, నిక్కర్లు, సాక్సులు, బూట్లు, తువ్వాళ్లు అన్నీ నా పూచీ.

మనవాళ్ల ఫంక్షన్లలో "ఫుట్‌బాల్ క్లబ్బా అంకుల్! ఏం చేస్తారక్కడ?" అని కళ్లు పెద్దవి చేసేవాళ్లు. "బట్టలుతుకుతా" అనేవాణ్ని. ఆ కళ్లు మళ్లీ చిన్నవయ్యేవి. మా తాతముత్తాతలది ఉతికే కులమే. దాన్ని దాచుకునేందుకు నేను సముద్రం దాటలేదు.

అయితే మొదటి రోజే నా గుండె ఆగినంత పనయింది. టీవీలో పచ్చగడ్డి మీద దొరల్లా పరిగెత్తే మనుషులు లోపలికొచ్చి ఒంటి మీదున్నదంతా ఊడబెరికి నేల మీద విసిరేశారు. బురద, నెత్తురు, చీమిడి, పీకిన ప్లాస్టర్లు, అన్నీ ఒకే కుప్ప. సాక్సులన్నీ లోపలిది బయటికి తిరగబడి ఉన్నాయి. మా తాత ఇంటింటికీ తిరిగిన రోజుల్లో కూడా మూట కట్టి ఇచ్చేవాళ్లు.

రెండో దెబ్బ మ్యాచు రోజున తగిలింది. ఒక్కొక్క ఆటగాడికీ గోడకు ఒక కొక్కెం ఉంటుంది. పొద్దున మేనేజరు మా లాండ్రీ గది గుమ్మంలో నిలబడి, టీ కప్పు చేతిలో పట్టుకుని, ఆరోజు ఆడేవాళ్ల పేర్లు ఒక్కసారి చెబుతాడు. ఆయన్ని అందరూ గాఫర్ అంటారు. అక్కడ పెద్ద యజమానికి ఆ పిలుపు. ఆయన చెప్పిన పేర్ల చొక్కాలు నేను ఇస్త్రీ చేసి, నంబరు బయటికి కనబడేట్టు కొక్కేలకు తగిలించాలి. ఆటగాళ్లు వచ్చి కొక్కేలు చూసుకుంటారు. చొక్కా ఉంటే ఆడతావు. లేకపోతే లేదు. అంతకు మించి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు.

నేను చొక్కాలు తగిలించిన మొదటి శనివారం, ఆటలోనే జుట్టు నెరిసిన ఒకాయన వచ్చి తన ఖాళీ కొక్కెం కింద కూర్చున్నాడు. టై విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. లేచి వెళ్లిపోయాడు. నేను గాఫర్ దగ్గరికి పోయాను. వాళ్ల ఇంగ్లీషు నా చెవికి మావాళ్ల మాటల్లాగే వినబడేది, అట్లాగే రాస్తాను.

"ఆయనకు మీరు ముందుగాల చెప్పలేదా సార్?"

"ఏం చెప్పాలె? చొక్కా చెప్పింది కదా."

ఆ చొక్కాల మీదనే నాకు ఇంగ్లీషు వచ్చింది. వీపు మీద పేరు వేడి మిషనుతో అతికించాలి. ఒక్కో అక్షరం ఒక్కో ముక్క. తలకిందులుగా అతికించి తిట్లు తిని, వేళ్లు కాల్చుకుని, ఆటగాళ్ల పేర్లతోనే బడి పూర్తి చేశాను. ఆ తరవాత కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ, వాళ్ల క్లాసుకు పోతే, నాకు పెద్ద అక్షరాలన్నీ వచ్చు, చిన్న అక్షరం ఒక్కటీ రాదు. టీచరమ్మ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది.

పుట్టగొడుగుల మిరెక్

ఆ క్లబ్బులో సొంత పేరుతో ఎవణ్నీ బతకనివ్వరు. నర్సింహులు అనే నన్ను మొదటి వారంలోనే సిమ్స్ చేశారు. టీ కాచే బ్రెండా నన్ను "డక్" అనేది. నేను బాతులా నడుస్తానేమోనని రెండు రోజులు అద్దంలో చూసుకున్నాను. ఆ ప్రాంతంలో అది "నాయనా" అన్నట్టు అని సుజాత చెబితే గానీ నెమ్మదించలేదు.

మిరెక్ వచ్చిన రోజున మిక్కీ అయిపోయాడు. చెక్ దేశం మనిషి. బొగ్గు గనుల ఊరు. తండ్రి గనిలో దిగేవాడు, కొడుకు గని జట్టులో ఆడి, పట్నం జట్టుకు పోయి, ఇరవై ఆరేళ్లకు మా దగ్గరికి వచ్చాడు. నడిమి ఆటగాడు. ఆట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: నడిమివాడు ముందువాళ్లకు బంతి అందించాలి, వెనకవాళ్లకు అడ్డం పడాలి, ఇద్దరి తిట్లూ తినాలి. గోలు కొట్టినవాడి బొమ్మ పేపర్లో పడుతుంది. నడిమివాడు ఆ బొమ్మలో మూలకు, సగం కోసేసి ఉంటాడు. మిరెక్ బంతి ఇచ్చేటప్పుడు చూసేవాడు కాదు, ముందే చూసి పెట్టుకునేవాడు. నాకు ఆట అంతంత మాత్రమే తెలుసు గాని, అతను ఆడుతుంటే మైదానం కొంచెం వెడల్పైనట్టు అనిపించేది.

వచ్చిన మొదటి పొద్దున అతను చేసిన పనికి గదంతా నోరు తెరిచింది. అందరికీ వరసగా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. బ్రెండాకు ఇచ్చాడు. లోపలికొచ్చి, చేతులకు సబ్బు నురగున్న నాకూ ఇచ్చాడు. మర్నాడు మళ్లీ ఇచ్చాడు. వాళ్ల దేశంలో అట్లాగేనట, పనికి వస్తే ముందు చేతులు కలపాలి.

"రోజూ ఎందుకురా, ఎలక్షన్లల నిలబడ్డవా?" అని కెప్టెన్ గారీ ఎగతాళి చేశాడు. మిరెక్ అతనికే రెండుసార్లు ఇచ్చాడు.

మా ఫ్లాటుకు భార్య హానాను తీసుకుని భోజనానికి వచ్చినప్పుడు, ఇద్దరూ గుమ్మంలోనే బూట్లు విప్పారు. సుజాత నా చెయ్యి గిల్లింది. అన్నేళ్లలో మా ఇంటికొచ్చిన ఏ తెల్లవాళ్లూ విప్పలేదు. వాళ్లిళ్లల్లోనూ బూట్లు గుమ్మం బయటేనట. పచ్చిపులుసు తాగి మిరెక్‌కు కళ్లనీళ్లు వచ్చాయి, అయినా గిన్నె ముందుకు తోశాడు.

"ఆపు, రేపు ఉరకలేవు" అంది హానా.

"రేపు గాఫర్ పచ్చిపులుసు తాగినోణ్ని చూస్తడు" అన్నాడు.

ఇక పుట్టగొడుగులు. మేం ప్రాక్టీసు చేసే మైదానం వెనక చిన్న అడవి ఉండేది. చినుకు పడితే చాలు, మిరెక్ ప్లాస్టిక్ సంచీతో అందులో దూరేవాడు. అక్కడివాళ్లకు పుట్టగొడుగంటే సూపర్ మార్కెట్లో డబ్బాలో దొరికేదే. అడవిలోది తింటే చచ్చిపోతావని గారీ అరిచేవాడు. మిరెక్ వాటిని సన్నగా కోసి, దారానికి గుచ్చి, వెచ్చగా ఉంటుందని మా లాండ్రీ గదిలో, రేపటి మ్యాచు చొక్కాల పక్కన వేలాడదీశాడు. నేను ఆరోజు సుజాత ఆసుపత్రిలో పని ఉండి తొందరగా వెళ్లాను. పొద్దున వచ్చేసరికి పదకొండు చొక్కాలూ తడి అడవి వాసన. మళ్లీ ఉతికే వేళ లేదు. ఆరోజు అవతలి జట్టువాడొకడు రెఫరీతో "వీళ్లు స్నానం చెయ్యరా?" అని ఫిర్యాదు చేశాడు. గాఫర్ నా మీదికి లేచాడు, మిరెక్ అడ్డం వచ్చి "నాది తప్పు" అన్నాడు. గెలిచాం గనక బతికాం. గాఫర్ పోతూ పోతూ, "వచ్చే శనివారం కూడా వేలాడదియ్యండి మరి" అన్నాడు.

గాఫర్ చెడ్డవాడని ఎవరూ అనుకోకండి. సుజాతకు ఒకసారి ఒంట్లో బాగాలేదని తెలిసి, ఏమీ అడగకుండా తన కారు తాళాలు నా చేతిలో పెట్టిన మనిషి. ఇది గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

ఉన్నవాడు లేనట్టే

డెస్ అని వెనక ఆడే మంచి బలమైనవాడు ఉండేవాడు. అతనికి తొడ నరం పట్టేసింది. కొన్ని వారాలు ఆడకూడదన్నారు. మర్నాడు నడవాలో డెస్ ఎదురొస్తే గాఫర్ గోడ పక్కనుంచి పోయినట్టు పోయాడు. డెస్ "మార్నింగ్ గాఫర్" అన్నాడు. జవాబు లేదు. ఆ తరవాత గారీ వచ్చాడు, అతనూ అంతే. నిన్నటిదాకా ఒకే తొట్టిలో స్నానం చేసి, ఒకడి వీపు ఒకడు రుద్దుకున్నవాళ్లు!

ఏదో కొట్లాట జరిగిందనుకున్నాను. బ్రెండా నా మొహం చూసి చెప్పింది. "కొట్లాటేం లేదు డక్. దెబ్బ తగిలినోడితోని గాఫర్ మాట్లాడడు. ఎన్కటి నుంచి ఇంతే. మాట్లాడకపోతే తొందరగ బాగైతరని."

నేను నమ్మలేదు. మన ఊళ్లల్లో ఎద్దు కుంటితే కూడా దగ్గరికి పోయి కాలు చూస్తారు. కానీ నిజమే. దెబ్బ తగిలినవాళ్లు మిగతా జట్టు మైదానానికి పోయాకే లోపలికి రావాలి. అందరూ తిన్నాకే తినాలి. వాళ్ల కొక్కేనికి ప్రాక్టీసు బట్టలు కూడా తగిలించొద్దని నాకూ ఆర్డరే. బట్టలు చేతికిస్తే అవతలి జట్టు గదిలో ఒక్కడే మార్చుకోవాలి. దెబ్బలు చూసే ఫిజియో ఇయాన్ మాత్రమే ముట్టుకునేవాడు, అది అతని ఉద్యోగం గనక.

అందరికీ చెయ్యి కలిపే మిరెక్ ఏం చేస్తాడోనని చూశాను. మొదటి రోజు నడవాలో నిలబడ్డ డెస్‌కు చెయ్యి ఇచ్చాడు. గారీ వచ్చి మిరెక్ చెవిలో ఏదో అన్నాడు. మర్నాడు మిరెక్ వరసలో అందరికీ ఇచ్చి, నడవాలో డెస్ దగ్గర చెయ్యి జేబులో పెట్టుకుని, నా దగ్గరికి వచ్చి మళ్లీ బయటికి తీశాడు.

ఆ చెయ్యి నేను పట్టుకోలేదు. "ఎందుకట్ల చేసినవ్?" అన్నాను.

"ఇక్కడ గట్లనేనట, సిమ్స్. నేర్చుకుంటున్న."

మరుసటి ఏడు అతని వంతు వచ్చింది. ఎడమ మోకాలు. చెట్టంత మనిషి నా లాండ్రీ గదిలో తిరగేసిన బుట్ట మీద కూర్చుని, హానా కట్టిచ్చిన రొట్టె తినేవాడు. మిషన్లు తిరుగుతుంటే వాటినే చూసేవాడు. అవతల నవ్వులు వినబడితే నమలడం ఆపేవాడు. "దేని గురించి నవ్వుతున్నరు?" అని నన్నడిగేవాడు. నేను పోయి కనుక్కుని వచ్చి చెప్పేవాణ్ని. చెబితే నవ్వేవాడు, నేను చెప్పేసరికి అవతల ఇంకో జోకు నడుస్తుండేది.

ఇయాన్ ఇంకా వద్దంటుండగానే, బాగైపోయిందని చెప్పి మిరెక్ ఆటలోకి దూకాడు. ఆ పొద్దున గాఫర్ అతని భుజం చుట్టూ చెయ్యేసి, "ఎక్కడికి పోయినవ్ ఇన్ని దినాలు?" అన్నాడు. రోజూ అదే నడవాలో తిరిగిన మనిషిని! మిరెక్ మొహం వెలిగిపోయింది. నేను తిరగేసిన బుట్టను మళ్లీ సరిగ్గా పెట్టుకున్నాను.

అందరికీ తెలుసు

ఆ సీజను చివరికి మేం పట్టికలో అడుగుకు జారాం. ఆఖరి మ్యాచు ఓడితే కింది డివిజనుకు పోతాం. ఒక డ్రా అయినా చాలు.

ఆ వారంలోనే నేను మిరెక్‌ను మెట్ల దగ్గర చూశాను. ఎవరూ లేరనుకుని కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కవాటుగా దిగుతున్నాడు. కట్టు విప్పితే మోకాలు కొబ్బరిబోండంలా ఉంది. నేను పరుగున ఇయాన్ దగ్గరికి పోయాను, ఏదో కొత్త సంగతి చెప్పేవాడిలా.

"తెలుసు, సిమ్స్" అన్నాడు, తల ఎత్తకుండా.

"గాఫర్‌కు?"

"తెలుసు."

"గారీకి?"

"అందరికీ తెలుసు. డాక్టరు స్కాను తీసిండు. లోపల నరం దారమంత మిగిలింది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే వచ్చే ఏడు మళ్లా ఆడుతడు. ఇంకొక్క మ్యాచు ఆడి అది తెగితే, అయిపాయె."

"మరి మిరెక్‌కు చెప్పలేదా?"

ఇయాన్ అప్పుడు తలెత్తాడు. "చెప్పిన. 'నొప్పి తెల్వకుంట ఇంజెక్షన్ ఇస్తవా ఇయ్యవా' అని అడిగిండు."

అమ్మాయీ, నువ్వు చెయ్యబోయేది ఇయాన్ చేసిన ఉద్యోగమే. ఈ మాట రెండుసార్లు చదివించుకో. ఎవరో ఏదో దాచిపెడతారు, దాన్ని కనిపెట్టి కాపాడతాను అని అనుకుంటున్నావేమో. నేనూ అట్లాగే అనుకుని పరిగెత్తాను. దాచింది ఏమీ లేదు. అంతా బల్ల మీదే ఉంది. అందరూ చూస్తున్నారు, ఎవరూ నోరు మెదపడం లేదు, అంతే.

తెలియనిది ఒక్క హానాకే. ఆమెకు శుక్రవారం తెలిసింది. ఎట్లా తెలిసిందో నేను అడగలేదు, ఆమె నేరుగా నా గదికి వచ్చింది. ఇస్త్రీ బల్లకు అటువైపు నిలబడింది.

"సిమ్స్, చొక్కాలు తగిలించేది నువ్వే కదా."

"అవునమ్మా."

"ఆయనది తగిలించకు."

"హానా, నేను తగిలించకపోతే..."

"కొక్కేనికి చొక్కా లేకపోతే ఆడేది లేదని ఆయనే చెప్పిండు. మీ దగ్గర రూలు అదే కదా? ఎనిమిదో ఏట నుంచి ఆడుతుండు. ఆయనకు ఇంకో పని రాదు. ఒక్క శనివారం ఆడకపోతే ఇంకో పదేళ్లు ఆడుతడు. నేను గాఫర్‌ను అడగలేను, ఆయన నా దిక్కు చూడడు. నువ్వు చూస్తవు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికయ్యేది.

ఖాళీ కొక్కెం

శనివారం పొద్దున గాఫర్ గుమ్మంలో నిలబడి పేర్లు చెప్పాడు. మిరెక్ పేరు నడుమ వచ్చింది. ఆయన పోయాక నేను పది చొక్కాలు తగిలించాను. మిరెక్ ఎనిమిదో నంబరు మడత పెట్టి బట్టల ట్రంకులో అడుగున పెట్టాను. ఉద్యోగం పోతుందని నిశ్చయించుకున్నాను. సుజాతకు ఫోను చేసి చెప్పాను కూడా. "పోతే పోనియ్. ఆ పిల్ల మొహం చూసినంక తగిలిస్తే ఇంటికి రాకు" అంది.

గాఫర్ వచ్చి చూశాడు. ఖాళీ కొక్కెం చూశాడు, నన్ను చూశాడు.

"నేను తగిలియ్య సార్. కాలు తెగుతది. మీకు తెలుసు. కావాలంటే మీరే తగిలించుకోండి."

కేకలేస్తాడని చూశాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను.

"సరే" అన్నాడు ఆయన. కళ్లద్దాలు పెట్టుకున్నాడు, ట్రంకులో వెతికాడు, చొక్కా తీసి, దులిపి, వంకరగా తగిలించాడు. "నిక్కర్లు ఎక్కడ?" అన్నాడు. అంతే. నా ఎదిరింపు అంతా కలిపి ఒక నిమిషం పట్టలేదు. నేనొక్కణ్ని అడ్డం నిలబడితే బండి ఆగుతుందనుకున్నాను. అది నా పక్కనుంచి తిరిగి పోయింది, నాకు గీత కూడా పడలేదు. ఉద్యోగమూ పోలేదు. ఆ తరవాత ఏళ్ల తరబడి అక్కడే చేశాను. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మిరెక్ వచ్చి, వంకర చొక్కా చూసి, సంగతి పట్టేశాడు. నా దగ్గరికి వచ్చాడు.

"హానా వచ్చిందా?"

"వచ్చింది. ఆడకు మిరెక్. నీ కాలు మీద ఒట్టు, ఆడకు."

"ఆడకపోతే రేపటి నుంచి నాతోని ఎవరు మాట్లాడుతరు?"

"నేను మాట్లాడుత. పోయినసారి మాట్లాడలేదా?"

అతను నా చెయ్యి పట్టుకుని, చాలా మెత్తగా అన్నాడు. "నువ్వు లెక్కలోకి రావు, సిమ్స్."

తిట్టడానికి అనలేదు. ఉన్నమాటే అన్నాడు.

ఇయాన్ గది తలుపు వేసి సూది గుచ్చారు. మొదటి సగం మిరెక్ ఆడినట్టు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. రెండో సగం మొదలైన కాసేపటికి, పక్కన ఎవరూ లేని చోట, బంతి కోసం తిరగబోయి కూర్చుండిపోయాడు. ఎవరూ తగల్లేదు. కూర్చుని తన కాలిని ఎవరిదో అన్నట్టు చూశాడు. స్ట్రెచరు మీద తెచ్చి ఇయాన్ బల్ల మీద పడుకోబెట్టారు. జట్టు డ్రా చేసుకుంది. క్లబ్బు నిలబడింది.

డ్రెస్సింగ్ గదిలో అరుపులు, పాటలు, బీరు స్నానాలు. ఇయాన్ గది దానికి ఆనుకునే ఉంటుంది, నడుమ తలుపు తెరిచే ఉంది. ఒక్కొక్కడూ ఆ తలుపు ముందు నుంచి ఎగురుతూ పోతున్నాడు. ఒక్కడూ లోపలికి తల తిప్పలేదు. ఒక్కడంటే ఒక్కడు. చూడాలని నేను అక్కడే నిలబడ్డాను. గంట కిందటి దాకా అతను ఇచ్చిన బంతులతో బతికినవాళ్లు. అప్పటికే అతను దెబ్బ తగిలినవాడు అయిపోయాడు.

"వాళ్లను పిలవకు" అన్నాడు మిరెక్ బల్ల మీది నుంచి. "డెస్ దగ్గరికి నేను పోయిన్నా?"

హానా వచ్చింది. ఆ గదిలోకి ఆడవాళ్లు రారు. ఆమె తువ్వాళ్లు కట్టుకున్న మగవాళ్ల మధ్య నుంచి నేరుగా పోయి గాఫర్ ముందు నిలబడింది. పాట ఆగింది.

"రండి. వచ్చి ఒక్కసారి చూడండి."

గాఫర్ లేచాడు. ఆ తలుపు దాకా వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. ఆయన మొహంలో రంగు పోయింది. "నాతోని కాదమ్మా" అన్నాడు. "ఒక్కణ్ని చూస్తే, వచ్చే సీజనుల ఎవ్వణ్నీ ఆటకు ఎంచలేను."

వెనక్కి తిరిగి పోయాడు. కాసేపటికి పాట మళ్లీ మొదలైంది, ముందు సన్నగా, తరవాత మామూలుగా.

వ్యానులో

రెండు ఆపరేషన్లు అయ్యాయి. మిరెక్ మళ్లీ ఆడలేదు. బొగ్గు గనుల ఊరికి తిరిగిపోయాడు. నడుస్తాడు, అడవుల్లో తిరుగుతాడు. ఫోన్లు చేసుకుంటాం. ఆట మాట ఇద్దరం ఎత్తం.

కొత్తగా చేరేవాళ్లకు నా మాట ఒక్కటే. స్కాన్లూ మిషన్లూ నాకు తెలియవు, అవి మీ చదువు. కానీ ఒక్కరు ఎదిరిస్తే ఆగుతుందని నమ్ముకోకండి, నేను ఎదిరించి చూశాను. పనిలో చేరిన మొదటి రోజే ఇంకొకరిని తోడు వెతుక్కోండి. ఇయాన్ సూది ఇవ్వనని, గారీ ఆడనివ్వనని, నేను తగిలించనని ఒకే పొద్దున అని ఉంటే గాఫర్ ఏం చేసేవాడు? మేం ముగ్గురం ఆ వారమంతా ఒకే చోట టీ తాగాం. ఒకరితో ఒకరం ఆ మాట అనలేదు.

మ్యాచు అయిన ఆ సాయంత్రం ఇయాన్ ఆసుపత్రికి ఫోను చేసి వచ్చి, అంబులెన్సుకు చాలా సేపు పడుతుందట అన్నాడు. నా కిట్ వ్యాను ఉంది. వెనక ట్రంకులు జరిపి, మురికి చొక్కాలూ తువ్వాళ్లూ పరిచి, కాలికి బద్దలు కట్టి పడుకోబెట్టాం. హానా అతని తల ఒళ్లో పెట్టుకుంది. వ్యానుకు కిటికీలు ముందే గాని వెనక లేవు.

గేటు దాటగానే జనం. రోడ్డు నిండా మా క్లబ్బు వాళ్లే, కండువాలు గాలిలో తిప్పుతున్నారు. క్లబ్బు వ్యాను అని గుర్తుపట్టి చుట్టుముట్టారు. అరచేతులతో రేకులు బాదుతూ పాట అందుకున్నారు. మిరెక్ పాటే. మిక్కీ, మిక్కీ, మా మిక్కీ అని. ఒక ముసలాయన నా అద్దానికి ముద్దు పెట్టాడు. ఒకడు పసిపిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఆ పిల్ల చేత కూడా పేరు అనిపిస్తున్నాడు. లోపల ఎవరున్నారో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

హానాకు పట్టరాని కోపం వచ్చింది. "తలుపు తీస్త. చూడనియ్ వీళ్లను" అంటూ పిడి మీద చెయ్యి వేసింది.

మిరెక్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మత్తు దిగిపోయి పళ్లు కరచుకుని ఉన్నాడు, మాట సరిగ్గా రావడం లేదు.

"తియ్యకు. నన్ను ఇట్ల చూస్తే పాట ఆపేస్తరు."

హారన్ మీద ఉన్న నా చెయ్యి తీసేశాను. ఇంజను ఆపి కూర్చున్నాను. వాళ్లు ఆ పాట చాలాసేపు పాడారు.